చివరి సైకిలు వచ్చేదాకా

మిత్రులారా, నమస్కారం.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు అందం గురించి ఈ ఊరివారికి నేను చెప్పనక్కర్లేదు. కారులో తిరిగేవారికి అంతగా తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ దారిలో సైకిలు తొక్కేవారి మీద గాలిదే పెత్తనం. శీతకాలంలో ఈశాన్యపు గాలి పోయేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు ముందుకు నెడుతుంది. వేసవిలో నైరుతి గాలితో ఇది తలకిందులవుతుంది. హాయిగా భీమిలి చేరిన కొత్తవారు అలసిపోయాక, ఎండలో, ఎదురుగాలిలో వెనక్కి రావాలి. అందుకే వేసవిలో వారిని ఋషికొండ దగ్గరే వెనక్కి తిప్పమంటాను.

ఎదురుగాలిలోనే జట్టు విలువ తెలుస్తుంది. ముందు సైకిలు గాలిని చీలుస్తుంటే వెనకవారికి శ్రమ బాగా తగ్గుతుంది. బలమున్నవారు వంతులవారీగా ముందు నడవాలి. గుంత కనిపిస్తే చేత్తో చూపాలి, ఆ సైగ చివరివారి దాకా అందాలి. చెప్పకుండా బ్రేకు వేయడం అన్నిటికన్నా ప్రమాదం. చేపల వలలు, ఆటోలు, రోడ్డు దాటే పిల్లలు ఉన్న పల్లెల దగ్గర ఒకరి వెనక ఒకరుగా, నెమ్మదిగా పోవాలి. అది వారి వీధి.

కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు దాటాక వచ్చే ఎగుడుదిగుళ్లలో జట్టు చెదిరిపోతుంది. ముందు వెళ్లినవారు ఆగుతారు, మంచిదే. కానీ చివరి మనిషి రొప్పుతూ వచ్చి చేరగానే అందరూ పెడల్ మీద కాలు పెడతారు. అందరికన్నా అలసిన మనిషికే విశ్రాంతి దక్కదు! ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇలా ఒకటి రెండుసార్లు జరిగితే ఆ మనిషి మళ్లీ రాకపోవచ్చు. చివరివారు నీళ్లు తాగి, ఊపిరి కుదుటపడి, తామే "పదండి" అన్నాకే జట్టు కదలాలి. ఫోనులో సగటు వేగం తగ్గితే తగ్గనివ్వండి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిళ్లు రోడ్డు మీదే ఆపండి. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక అది. ఇనుము తుప్పు రంగు పట్టి ఎర్రబడింది. చక్రం గీసిన గాడిలో వాన నీరు పారితే గండి పడుతుంది. డిసెంబరు నుంచి కొన్ని నెలలు రాత్రివేళ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. పిల్లలు వెలుతురును చూసి దారి తప్పుతాయి. తెల్లవారకముందు బయలుదేరితే లైటు రోడ్డు వైపు వంచండి, ఇసుకలోకి దిగకండి.

ఇక కంబాలకొండ. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, జాతీయ రహదారి పక్కనే. అందులో చిరుతలున్నాయి. రోడ్డు మీద నేర్చుకున్న అలవాట్లు ఇక్కడ కొన్ని మార్చుకోవాలి. అక్కడ దగ్గరగా తొక్కుతాం, ఇక్కడ సైకిలుకూ సైకిలుకూ బాగా ఎడం ఉండాలి. ముందువారు రాయి మీద జారితే వెనకవారికి ఆగే చోటుండాలి. అక్కడ కేక వేసి చెబుతాం, ఇక్కడ గొంతు తగ్గించాలి. పాటలు వద్దు. పెద్ద జట్టును చిన్న చిన్న జట్లుగా విడగొట్టండి, కానీ ఎవరినీ ఒంటరిగా వదలకండి. అటవీ శాఖ అనుమతించిన దారి దాటవద్దు. దిగుడులో వెనక బ్రేకు బిగించి చక్రం ఈడిస్తే మట్టి లేచిపోతుంది. రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వాడండి. చిరుతలు ఎక్కువగా తిరిగేది చీకటి వేళల్లో, సంధ్యల్లో. కాబట్టి ముందు తీరం, పొద్దెక్కాకే అడవి.

ఇంటికెళ్లగానే సైకిలును మంచినీళ్లతో తుడిచి చైనుకు నూనె పెట్టండి. ఉప్పుగాలి చైనును త్వరగా తినేస్తుంది.

వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాం. ముందు నడిచేందుకు చాలామంది పేర్లిచ్చారు. చివర తొక్కడానికి అనుభవమున్న ఇద్దరు కావాలి. పంక్చర్ సామాను, గాలి పంపు వారి దగ్గరే ఉంటాయి. చేతులెత్తండి, ఇప్పుడే పేర్లు రాసుకుంటాను.