జోలపాటలో ‘జో జో’: అర్థం, వాడుక

నమస్కారం. గుంటూరు నుంచి చేస్తున్న ఈ వీడియోలో, మన జోలపాటలకు ఆయువుపట్టయిన ‘జో జో’ అన్న మాటకు అర్థమేమిటో, దానిని ఎలా పలకాలో చూద్దాం.

‘జో’ అన్నది పసిబిడ్డను నిద్రపుచ్చేటప్పుడు పలికే మాట. నోటితో ‘జో’ అంటూ చేత్తో మెల్లగా తట్టడాన్నే ‘జోకొట్టడం’ అంటాం కాబట్టి, ఈ మాటను గొంతుతోపాటు అరచేతితోనూ నేర్చుకోవాలి.

ఇప్పుడు నా చేతిని గమనించండి. బిడ్డను భుజాన వేసుకుని, అరచేతిని కొద్దిగా గుంటగా ఉంచి, ‘జో’ అన్నప్పుడల్లా వీపు మీద ఒక్క తట్టు తట్టి, తరువాతి తట్టు దాకా ఆ ఓకారాన్ని సాగదీయాలి. కనురెప్పలు వాలుతున్నకొద్దీ పాటలోని మాటలను ఒక్కొక్కటిగా వదిలేస్తూ రాగా, చివరికి ‘జో... జో...’ మాత్రమే మిగలాలి. పాటనూ తట్టడాన్నీ ఒక్కసారిగా ఆపేస్తే బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ముందు గొంతు తగ్గించండి, ఆ తరువాతే చేయి ఆపండి.

ఇక ‘లాలి’. లాలన, లాలించడం అన్న మాటలకు ఇది దగ్గరి చుట్టం. మెత్తబడిన పాత మంగళగిరి చీరను దూలానికో, కొక్కేనికో ఉయ్యాలగా కట్టినప్పుడు, ‘లా’ దగ్గర ముందుకూ ‘లి’ దగ్గర వెనక్కూ ఊపితే పాటకు ఊపు దానంతటదే కుదురుతుంది. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనగా ప్రసిద్ధమైన జోలపాట పల్లవిలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి: ‘జో అచ్యుతానంద జోజో ముకుందా, లాలి పరమానంద రామ గోవిందా’. బారసాల నాడు బిడ్డను ఉయ్యాలలో వేసి పేరంటాళ్లు పాడేదీ, తిరుమలలో ఏకాంత సేవ వేళ స్వామికి వినిపించేదీ ఇలాంటి లాలిపాటలే. దేవుణ్ణి సైతం పసివాడిగా భావించి జోకొట్టిన ఆ చనువు నాకెంతో ఇష్టం.

వాడుకలో ఒక జాగ్రత్త అవసరం. ‘జోల’ పాట, ‘జోలె’ భిక్షకు పట్టే గుడ్డసంచి, ‘జోలి’ ప్రమేయం. ‘వాడి జోలికి పోకు’ అన్నచోట పాట ప్రసక్తి ఏమీ లేదు. ‘జోకొట్టడం’ మాత్రం పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. కమ్మని మాటలతో జనాన్ని ఏమరుపాటులో ఉంచేవారిని ‘జోకొడుతున్నారు’ అని పత్రికలు రాయడం మీరు చూసే ఉంటారు.