టోడా గొలుసు: కదిలే మాత్రిక, కదలని ఐగెన్ విలువలు

మిత్రులారా, ఇంటిగ్రబుల్ వ్యవస్థ అంటే "చాలినన్ని నిత్యరాశులున్న హామిల్టన్ వ్యవస్థ" అని క్లాసులో నిర్వచనం చెబుతారు. హామిల్టన్ వ్యవస్థ అంటే శక్తి సూత్రం నుంచే చలనమంతా నిర్ణయమయ్యేది; నిత్యరాశులంటే కాలంతో మారని రాశులు. ఆ నిత్యరాశులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఈ సాయంత్రం ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుందాం.

1967లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త మొరికాజు టోడా, గీత మీద వరసగా నిలబడ్డ కణాల గొలుసును పరిశీలించారు. పక్కపక్క కణాల మధ్య బలం ఘాతీయ ప్రమేయం. 1974లో హెనాన్, ఫ్లాష్కా, మనకోవ్ ఎవరి దారిన వారు దాని నిత్యరాశులన్నీ పట్టుకున్నారు. ఫ్లాష్కా దారి నాకు ప్రాణం. ద్రవ్యవేగాలను వికర్ణం మీద, దూరాల ఘాతాలను దాన్ని ఆనుకుని రెండు వైపులా పెట్టి ఒక సౌష్ఠవ మాత్రిక 'ఎల్' రాశాడాయన. చలన సమీకరణాలన్నీ ఒక్క వాక్యంలోకి వచ్చేశాయి: ఎల్ మారే రేటు = బిఎల్ − ఎల్‌బి. ఇక్కడ 'బి' అంటే ఎల్ పక్క సంఖ్యలనే తీసుకుని, వికర్ణానికి ఒక వైపు గుర్తు మార్చి, వికర్ణం మీద సున్నాలు పెట్టి కట్టిన మాత్రిక. గణితవేత్త పీటర్ లాక్స్ 1968లో చూపిన రూపమిదే. ఇలా మారే మాత్రిక ఐగెన్ విలువలు (కొన్ని ప్రత్యేక దిశల్లోని సదిశలను మాత్రిక ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్యలు) మారవు. మనం వెతుకుతున్న నిత్యరాశులు అవే!

రెండు కణాలతో చేసి చూద్దాం. మొదట వికర్ణం మీద రెండూ సున్నాలు, పక్కన 1. ఐగెన్ విలువలు 1, −1. కాలం 1 దగ్గర వికర్ణం 0.964, −0.964, పక్కన 0.266. కాలం 2కి పక్కది 0.037కి పడిపోతుంది. కణాలు విడిపోతున్నాయి, ఐగెన్ విలువలు వికర్ణం మీదికి వచ్చి కూర్చుంటున్నాయి. నిర్ధారకం (ఐగెన్ విలువల లబ్ధం) మాత్రం ఎప్పుడు లెక్కేసినా −1.

ఐగెన్ విలువల కోసం కంప్యూటర్లు వాడే క్యూఆర్ పద్ధతి 1961 నాటిది. ఎల్ ఘాత మాత్రిక (e^L) మీద ఆ పద్ధతి వేసే ఒక్కో అడుగూ, టోడా ప్రవాహం ఒక్కో యూనిట్ కాలంలో నడిచే దూరమేనని సైమ్స్ 1982లో చూపాడు. కణాల కోసం రాసిన సమీకరణం అడగకుండానే లెక్కలు చేసిపెడుతోంది!

ఇక జ్యామితి. ఇంటిగ్రబుల్ వ్యవస్థల పుస్తకాల్లో కనిపించే టోరస్ (గారె ఆకారం) ఇక్కడ రాదు, ఎందుకంటే కణాలు అనంతానికి పారిపోతాయి. మూడు కణాలు తీసుకోండి, ఐగెన్ విలువలు వేర్వేరు. ఆ ఐగెన్ విలువలే ఉండి, పక్క సంఖ్యలు రుణాత్మకం కాని మాత్రికలన్నీ కలిసి ఒక షడ్భుజి. దాని ఆరు మూలలూ ఆ మూడు విలువల ఆరు వరసలు. లోపల ఎక్కడ మొదలుపెట్టినా ప్రవాహం, పెద్దది ముందున్న అవరోహణ మూలకే చేరుతుంది. ఇప్పుడు పక్క సంఖ్యలకు రుణ గుర్తులూ ఒప్పుకోండి. షడ్భుజులు నాలుగవుతాయి, అంచుల వెంట అతుక్కుంటాయి. శీర్షాలు 6, అంచులు 12, ముఖాలు 4. ఆయిలర్ సంఖ్య (శీర్షాలు − అంచులు + ముఖాలు) −2, అంటే రెండు రంధ్రాల ఉపరితలం. ఎన్ని కణాలకైనా ఈ ఆకారాల టోపాలజీని టొమెయ్ 1984లో తేల్చాడు.