తాలు గింజతో టీకా

హెపటైటిస్-బి టీకా అనగానే ఒకటే ప్రశ్న: "ఆ వైరస్‌నే కొంచెం ఎక్కిస్తారు కదండీ?" ఎక్కించరు. చచ్చిన వైరస్ కూడా కాదు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

వరిలో తాలు చూశారుగా? పొట్టు ఉంటుంది, లోపల గింజ ఉండదు. నారుమడిలో ఎంత చల్లినా మొలవదు. ఈ టీకాలో ఉన్నది వైరస్ తాలు. పైపొర ప్రోటీన్ ఉంది, లోపల డీఎన్‌ఏ లేదు. ఇక మొలిచేదేముంది?

తమాషా ఏంటంటే, ఈ తాలు వైరస్ తెలివే. జబ్బున్నవాళ్ల రక్తంలో అసలు గింజల కంటే తాలే ఎన్నో రెట్లు ఎక్కువ. యాంటీబాడీలు తాలుని పట్టుకుని కూర్చుంటే అసలువి జారుకుంటాయి. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బ్లంబర్గ్ రక్తంలో గుర్తించింది ఈ పొట్టునే. 1981లో అమెరికాలో వచ్చిన టీకా కోసం దాన్ని రక్తం నుంచే వేరుచేశారు. 1986కల్లా పొట్టు తయారుచేసే పని ఈస్ట్‌కి (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవికి) అప్పజెప్పారు. 1997లో మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ టీకా కూడా ఈస్ట్‌తో చేసిందే.

మరి ఖాళీ పొట్టుకి శరీరం ఎందుకు ఉలిక్కిపడుతుంది? యాంటీబాడీలు తయారుచేసే బి-కణం చేతిలో చేట లేదు, తూర్పారబట్టి చూడలేదు. దానికి తెలిసింది పొట్టే. పొట్టు మీద ఒకే ప్రోటీన్ పక్కపక్కనే వరసగా ఉంటుంది, కాబట్టి బి-కణం రిసెప్టర్లు (దాని మీదుండే కొక్కేలు) చాలా ఒకేసారి తగులుకుంటాయి. విడివిడి ప్రోటీన్ ముక్క ఇస్తే ఇంత కదలిక రాదు. నాకైతే మొత్తం కథలో ఇదే అందం. పైగా సైజు 22 నానోమీటర్లే, నేరుగా బి-కణాలు గుమిగూడే లింఫు గ్రంథుల దాకా పోగలదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఒంట్లో కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు కొంత తాలుని మింగి, ముక్కలు చేసి టి-కణాలకి చూపిస్తాయి. ఆ టి-కణాలు బి-కణాలకి ఊతమిస్తాయి. యాంటీబాడీలు, జ్ఞాపక కణాలు తయారవుతాయి. రేపు అసలు గింజ వచ్చినా పొట్టు అదే కాబట్టి దొరికిపోతుంది. 2006లో వచ్చిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) టీకాదీ ఇదే పద్ధతి: ఎల్‌1 అనే ప్రోటీన్ 360 కాపీలు వాటంతటవే పొట్టుగా అల్లుకుంటాయి.

ఆఖరుగా ఒక్కటి. టీకా వేయించుకున్న కొద్ది రోజుల్లోనే హెపటైటిస్-బి ఉందా అని చూసే హెచ్‌బీఎస్‌ఏజీ రక్త పరీక్ష చేయిస్తే పాజిటివ్ రావచ్చు. ఆ పరీక్ష వెతికేది పొట్టునే. కంగారుపడకుండా టీకా తేదీ డాక్టర్‌కి చెప్పండి, కొన్ని వారాలాగి మళ్లీ చేస్తారు.