చేప ఎందుకు ఎండలేదు?

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు, కాబట్టి ఎవరికైనా నిద్రొస్తే ఆ తప్పు నాది కాదు. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకాల గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పుస్తకాలు గొప్పవే అనే విషయంలో ఈ గదిలో ఎవరికీ అనుమానం లేదు గనక ఆ పని నేను చెయ్యను. నేను పాఠాలు చెప్పే రెండో తరగతిలో ఒక కథతో ఏం జరిగిందో చెప్తా.

మాది ఆదోని వైపు పల్లె. పోయినేడు ఆ క్లాసులో పద్దెనిమిది మంది. అక్షరాలు అందరికీ వచ్చు, గుణింతాలు సగం మందికి వచ్చు, ఒత్తు కనబడిందంటే మాత్రం బండి అక్కడే ఆగిపోయేది. 'అమ్మ' అని టకటకా చదివేస్తారు, కానీ అది చదవడం కాదు, బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టడం. 'గడ్డి' అని రాస్తే 'గ... డి...' అని నా మొహం చూస్తారు. నేనూ అందరిలాగే ఒత్తుల చార్టు గోడకు కొట్టి రోజూ చదివించా. నెలకల్లా చార్టు కంఠతా వచ్చింది, చదవడం మాత్రం రాలేదు. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతొచ్చో చూసే అసర్ సర్వే వాళ్ళు 2005 నుంచి ఊళ్ళు తిరుగుతూ పిల్లల చేత చదివించేది రెండో తరగతి స్థాయి చిన్న కథే కదా, ఐదో తరగతి పిల్లలు కూడా చాలామంది అక్కడ తడబడుతున్నారని పేపర్లో చూసినప్పుడల్లా నాకు నా చార్టే గుర్తొచ్చేది.

ఒకరోజు వాన. పిల్లలు సగమే వచ్చారు, పాఠం చెప్పబుద్ధి కాలేదు, ఏడు చేపల కథ ఎత్తుకున్నా. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు... నేను చెప్పేదేముంది, రెండో చేప దాటకముందే వాళ్ళే అందుకున్నారు. 'చేపా చేపా యాల ఎండలేదు?' మా వైపు ఎందుకు అనరు, యాల అంటారు. సరే అని బోర్డు మీద 'యాల' అనే రాశా, దాని కింద 'ఎందుకు' అని రాశా. మన మాట బోర్డు ఎక్కిందని వాళ్ళ మొహాల్లో ఆ సంబరం చూడాలి.

మరుసటి రోజు కథంతా కాగితం పట్టీల మీద ఒక్కో వాక్యం చొప్పున రాసి, కలిపేసి, వరుసలో పెట్టమన్నా. అప్పుడు చూశా నేను, అప్పటిదాకా గమనించనే లేదు. గడ్డిమోపు. అడ్డం. అవ్వ. బువ్వ. కుట్టింది. పుట్ట. కథ నిండా ఒత్తులే! మనం ఒత్తుల్ని ఏదో కష్టమైన పాఠంలాగా చివరికి దాచిపెడతాం, ఏ అమ్మమ్మో పుస్తకం లేకుండానే వాటిని పిల్లల నోట్లో పోసి పెట్టింది. 'చీమ కు...' దాకా వచ్చిన పిల్ల, తర్వాత వచ్చేది 'కుట్టింది' తప్ప ఇంకోటి కాదని ముందే తెలుసు గనక, ఆ ట కింద ఉన్న కొక్కేన్ని చూసి 'ఓహో ఇదా ఆ చప్పుడు' అనుకుంటుంది. ముందు అర్థం, దాని వెనక అక్షరం. నేనేమో ఇన్నాళ్ళూ అక్షరాన్ని ముందు తోలి అర్థాన్ని వెనక ఈడ్చుకొచ్చా.

అంతా బాగానే జరిగింది అనుకోకండి, చివర్లో నా పంతులు బుద్ధి పోనిచ్చుకోలేదు. 'ఈ కథలో నీతి ఏమిటి?' అని అడిగేశా. క్లాసంతా నీళ్ళు చల్లినట్టు చల్లబడింది. కాసేపటికి ఒకడు లేచి, 'చీమల పుట్టలో ఏలు పెట్టగూడదు సార్' అన్నాడు. ఇంకో పిల్ల, 'చీమ తప్పేం లేదు సార్' అంది. రెండూ సరైనవే, అసలు నా ప్రశ్నే అక్కర్లేనిది. గుజరాత్‌లోని భావనగర్‌లో వకీలు పని వదిలి 1920లో బాలమందిరం పెట్టిన గిజూభాయి బధేకా ఎప్పుడో పట్టుకున్న కిటుకు ఇది, ముందు కథ చెప్పాలి, చెప్పి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే మనకు చేతకాదు. కథ అయిపోగానే ఖాళీలు పూరింపుము.

తర్వాత అలాంటి ప్రశ్నల గొలుసు ఒకటి వాళ్ళనే సొంతంగా కట్టమన్నా. ఒకడు, 'బస్సా బస్సా యాల రాలేదు? బర్రెలు అడ్డమొచ్చినాయి.' ఇంకో పిల్ల నెమ్మదిగా రాసిచ్చింది, 'అమ్మా అమ్మా యాల రాలేదు? మిరపకాయల కోత అయిపోలేదు.' మా వైపు నుంచి గుంటూరు పక్కకు మిరప కోతలకు పోయేవాళ్ళ సంగతి మీకు తెలుసు, పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి పోతారు. ఆ పట్టీలో 'అయిపోలేదు'లో దీర్ఘం తప్పింది. నేను దిద్దలేదు.

ఇక పుస్తకాలు. నోటి కథతో ఆకలి పుట్టాక పుస్తకం చేతికి అందాలి, అందకపోతే ఆ ఆకలి చచ్చిపోతుంది. మన బళ్ళలో పుస్తకాలు లేవు అనకండి, ఉన్నాయి, బీరువాలో. 2020లో పిల్లలకు చదివే అలవాటు చెయ్యడానికి మన బళ్ళలో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం మొదలైనప్పుడు పోగుచేసినవి కొన్ని మా బడిలో అట్ట నలగకుండా ఉన్నాయి, అది చూసి సంతోషించాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు. చిరిగితే స్టాక్ రిజిస్టరుకు ఎవరు జవాబు చెప్తారు అని మన టెన్షన్. నేను చేసింది ఇంతే, కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి, పిల్లల ఎత్తులో, బట్టలారేసినట్టు పుస్తకాలు ఆరేశా. ఎవరు ఏది తీసుకున్నారో రాసేది ఒక నాలుగో తరగతి పిల్ల. ఏడాదిలో ఆరు పుస్తకాలు చిరిగాయి, ఒకటి మేక తినింది (నిజంగానే). చిరిగిన ఆరూ పిల్లలు ఎక్కువసార్లు తీసుకెళ్ళినవే.

పుస్తకాలు నిజంగానే తక్కువున్న చోట పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది, 2015 నుంచి. తెలుగు కథలు ఉచితం, దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు, మొదటి మెట్టు కథల్లో మాటలు 250 లోపే. కాకపోతే కొన్ని అనువాదాల్లో తెలుగు బిగదీసుకుని ఉంటుంది, కాబట్టి ముందు మీరొకసారి పైకి చదవండి, మీ నాలుక తడబడితే పిల్లలకి ఇవ్వకండి. ఇంగ్లీషు ఒకవైపు, తెలుగు ఒకవైపు ఉన్న పుస్తకాల గురించి చాలామంది అడుగుతున్నారు, వాడండి, కానీ తెలుగు వైపు నుంచే మొదలుపెట్టండి.

సరే, ఎంత చెప్పినా చేతులతో చేస్తేనే. మీ ముందు ఒక్కో ఏ4 కాగితం పెట్టాం చూడండి. ఎనిమిది గళ్ళు వచ్చేట్టు మడిచి, మధ్య మడత మీద నడిమి రెండు గళ్ళ పొడుగునా కత్తిరించి, మళ్ళీ మడిస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం అవుతుంది. ఒకటి అట్టకి. మిగిలిన ఏడూ చేప, గడ్డిమోపు, ఆవు, మేపేవాడు, అవ్వ, పాప, చీమ. లెక్క సరిపోయింది కదా? కత్తెరలు రెండే ఉన్నాయి సార్, మీది అయ్యాక వెనక బెంచీ మేడమ్ గారికి ఇవ్వండి.