ఎర్ర మందారం ప్రింట్‌లో ముద్దయిపోతోందా? ప్రింటర్‌ని తిట్టడం ఆపండి!

స్క్రీన్ మీద ధగధగలాడిన ఎర్ర పువ్వు ప్రింటై చేతికొచ్చేసరికి రేకులన్నీ కలిసిపోయి, రంగు డబ్బా ఒలికినట్టు ఉంటుంది. ఈ గొడవ మీకు తెలిసిందే. ప్రింటర్ దండగని కొందరు, కాగితం మార్చమని కొందరు. అండీ, ఆ ప్రింట్ ల్యాబ్‌లో పాడవలేదు. తోటలోనే, షట్టర్ నొక్కినప్పుడే పాడైంది!

కెమెరా వెనక తెల్ల హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుగుని కుడిన చూపే గ్రాఫ్) చూసి మురిసిపోతారే, అది మొత్తం వెలుగుని లెక్కగడుతుంది. మామూలుగా వాడే లెక్కలో ఆకుపచ్చకి దాదాపు 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11. ఫైల్లో ఒక్కో రంగుకీ 0 నుంచి 255 దాకా విలువ ఉంటుంది. మందారం రేకులో ఎరుపు ఆఖరి హద్దు 255కి కొట్టేసి, మిగతా రెండూ 20 దగ్గర ఉన్నాయనుకోండి. వెలుగు లెక్క ఎంతొస్తుంది? 90! గ్రాఫ్ ఎడమవైపే ఉంటుంది. ‘చీకటిగా ఉంది’ అనుకుని మీరు ఎక్స్‌పోజర్ ఇంకా పెంచుతారు. అంతే, రేకు చచ్చింది. ఈనెకీ 255, పక్కనున్న రేకుకీ 255 అని ఫైల్లో రాసి ఉంటే, ప్రింటర్ ఆ తేడా ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టాలి?

అందుకే మెనూలోకెళ్లి ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోండి, మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. రా ఫార్మాట్‌లోనే (కెమెరా దిద్దని ముడి ఫైలు) తీయండి. పిక్చర్ స్టైల్ ‘వివిడ్’ మీద ఉంటే తీసేసి ‘న్యూట్రల్’ చేయండి. ఎందుకంటే రా తీస్తున్నా ఆ గ్రాఫ్ కెమెరా దిద్దిన జేపెగ్ నుంచే వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 2/3తో మొదలుపెట్టి, గ్రాఫ్‌లో ఎర్ర గుట్ట కుడి గోడకి కాస్త ఇవతల ఆగేదాకా తగ్గించండి. ఎండ మండిపోతుంటే పువ్వుకీ సూర్యుడికీ మధ్య తెల్ల డిఫ్యూజర్ (వెలుగుని మెత్తబరిచే పల్చటి తెర) పట్టుకోండి. అది పువ్వుకి ఎంత దగ్గరుంటే వెలుగు అంత మెత్తన. ఫ్రేములోకి రాకుండా చూసుకోండి చాలు.

రంగే పువ్వు అనుకునేవాళ్లకి ఒక్క మాట. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1925లో తీసిన మాగ్నోలియా పువ్వు చూడండి. నలుపు తెలుపు ఫోటో! రేకు వంపు తిరిగే చోట బూడిద రంగు ఎంత నెమ్మదిగా మారుతుందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మనం ఎర్ర పువ్వులో పోగొట్టుకుంటున్నది సరిగ్గా అదే.

ఇక రెండో హంతకి, రంగు గాఢత పెంచే శాచురేషన్ స్లయిడర్. దీని మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు! ఫోటోషాప్‌లో ఛానల్స్ తెరిచి, ఆకుపచ్చ ఒక్కటే ఉంచి చూడండి. ఎర్ర రేకు ఈనెలు, ముడతలు, మంచు బిందువు నీడ, అన్నీ అందులోనే దాక్కుని ఉంటాయి. శాచురేషన్ పెంచినకొద్దీ ఆ ఆకుపచ్చ, నీలం విలువలు సున్నా వైపు జారిపోతాయి. రంగు పెంచామనుకుంటూ చేత్తో ఈనెలు చెరిపేస్తున్నారన్నమాట!

ఫైలుని రంగుల మెట్లు ఎక్కువుండే 16 బిట్‌లో, ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీలోనో ప్రోఫోటోలోనో ఉంచండి. మానిటర్ వెలుగు చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల మధ్యకి దించండి. కళ్లు చెదిరే స్క్రీన్ మీద దిద్దితే ప్రింట్ చీకటిగా రాక ఏమవుతుంది? తర్వాత మీ కాగితం ఐసీసీ ప్రొఫైల్‌తో (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) సాఫ్ట్ ప్రూఫ్ చేయండి, అంటే ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూసుకోండి. మెరుపు లేని మ్యాట్ కాటన్ కాగితం, మెరుపుండే బరైటా కాగితం అంత ఎరుపు మోయలేదు. కాగితానికి అందని రంగుల్ని ఏం చేయాలో చెప్పే సెట్టింగులు రెండున్నాయి. రిలేటివ్ కలరిమెట్రిక్ పెడితే, అందని ఎరుపులన్నీ ఒకే అంచుకి వచ్చి కుప్పపడొచ్చు. పర్సెప్చువల్ మొత్తాన్నీ కొంచెం నొక్కి, రంగుల మధ్య తేడా మిగల్చడానికి చూస్తుంది. రెండూ మార్చి మార్చి చూసుకోండి. రంగుల పని ఫోటోషాప్‌కి అప్పజెప్పితే ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ కచ్చితంగా ఆపేయండి. ఇద్దరూ దిద్దితే రంగులు ఎటో పోతాయి.

పెద్ద ప్రింట్‌కి తొందరపడకండి. ఆఖరి సైజు 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) పెట్టుకుని, పువ్వు నడిమి భాగం 4×6 అంగుళాల ముక్క మాత్రం వేయండి. 24 గంటలు ఆరనిచ్చి, పగటిపూట కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. పుప్పొడి కాడ మొదట్లో, రేకు ముదురు ఎరుపు తిరిగే చోట ఈనెలు విడివిడిగా కనిపించాయా? అప్పుడు పెట్టండి పెద్ద కాగితం.