ఇంట్లో పగడపు తొట్టె: మొదటిసారి పెట్టేవారిని ఆపాలా, వారికి నేర్పాలా?

విశాఖపట్నంలోని స్టూడియోలో జరిగిన చర్చకు ఇది లిఖిత రూపం. ఒక కుటుంబం అపార్ట్‌మెంటు హాలులో ముప్పై లీటర్ల ఉప్పునీటి తొట్టె పెట్టగా, వారం తిరగకుండానే అందులోని చేపలన్నీ చనిపోయాయి. ఆ వీడియో ఫోన్లలో తిరిగి వాదోపవాదాలకు దారి తీసింది. కార్యక్రమంలో ఒక సముద్ర జీవశాస్త్ర అధ్యాపకురాలు, ఆక్వేరియం దుకాణ యజమాని, రెండేళ్లుగా ఉప్పునీటి తొట్టె నడుపుతున్న బ్యాంకు ఉద్యోగిని, న్యాయవాది పాల్గొన్నారు. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడిన చోట్ల వినిపించినంతవరకే ఇచ్చాం.

సంధానకర్త: నమస్కారం. ఈ చర్చలో నలుగురికీ సమానంగా సమయం ఇస్తామని ముందే మాట ఇస్తున్నాను. నా ప్రశ్న సూటిగానే ఉంటుంది. స్కూటరు నడపడానికి లైసెన్సు అడిగే మనం, సముద్రపు ప్రాణులను ఇంటికి తెచ్చుకునేవారిని ఏమీ అడగకపోవడం న్యాయమేనా? మేడమ్, మీతో మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: నమస్కారమండీ. లైసెన్సు సంగతికి వెళ్లేముందు ఆ వీడియోలో నేను చూసిన ఒక వస్తువు గురించి చెప్పాలి. తొట్టె నడుమ జింక కొమ్ముల్లా చీలిన తెల్లని రాయి ఒకటి ఉంది. అది మామూలు రాయి కాదు, రాతి పగడపు అస్థిపంజరం. 2001లో రాతి పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న షెడ్యూలే వాటికీ ఉంది. కాబట్టి ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చిందని ముందుగా—

దుకాణ యజమాని: మేడమ్‌గారూ, మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ఆ చేపలు రాయి వల్ల చనిపోలేదు, నీటి వల్ల చనిపోయాయి. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. కొత్త తొట్టెలో నీళ్లు అద్దంలా కనిపిస్తాయి కానీ వాటిలో చేప బతకడానికి కావలసిన బ్యాక్టీరియా ఇంకా పుట్టి ఉండదు. చేప విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండూ రాళ్ల సందుల్లో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే మేము సైక్లింగ్ అంటాం. ఈ ఆరు వారాలు ఆగలేని మనిషి—

సంధానకర్త: అంటే ఆగలేని మనిషికి లైసెన్సు ఇవ్వకూడదని మీరూ అంటున్నారు.

దుకాణ యజమాని: నేను లైసెన్సు మాటే ఎత్తలేదండీ. ఆగడం నేర్పాలంటున్నాను. మంచినీటి చేపలు పెంచినవారు ఇక్కడే పొరబడతారు. మామూలు మంచినీటిలో అంతగా హాని చేయని అమ్మోనియా, సముద్రపు నీటి క్షారగుణంలో విషరూపంలోకి ఎక్కువగా మారుతుంది. గోల్డ్‌ఫిష్ తట్టుకుంది కదా అని క్లౌన్ చేప కూడా తట్టుకుంటుందని అనుకోవడం తప్పు.

బ్యాంకు ఉద్యోగిని: అన్నగారూ, ఆ తప్పు చేసినదాన్ని నేనే కాబట్టి ఒక్క నిమిషం చెప్పనివ్వండి. నేను తొట్టె కొన్న చోట సీసాలో బ్యాక్టీరియా ఇచ్చి, ఇది పోస్తే నాలుగో రోజునే చేపలు వేసుకోవచ్చని చెప్పారు. నమ్మి రెండు క్లౌన్ చేపలు వేశాను. ఆరో రోజు ఉదయం లేచేసరికి రెండూ పైకి వచ్చి, నీటి అంచుకు మూతి ఆనించి, మొప్పలు టపటపా ఆడిస్తున్నాయి. అమ్మోనియా పరీక్ష నాళికలో పసుపుగా ఉండవలసిన నీరు ముదురు ఆకుపచ్చగా మారింది, అంటే అమ్మోనియా పెరిగిపోయింది. మా అబ్బాయి పక్కనే నిలబడి, అమ్మా, వాటికి ఆయాసంగా ఉందా అని అడిగాడు. సాయంత్రానికి ఒకటి, మర్నాడు రెండోది పోయాయి. ఆ మొప్పల కదలిక నేను ఇప్పటికీ మరచిపోలేదు.

సంధానకర్త: ఎంత బాధాకరమో! ఆ రోజు మీకు లైసెన్సు పరీక్ష ఏదైనా ఉండి ఉంటే ఆ రెండు ప్రాణాలు నిలిచేవి కదా?

బ్యాంకు ఉద్యోగిని: పరీక్ష కాదండీ, అమ్మోనియా కిట్టు ముందే కొనమని ఒక్కరు చెప్పి ఉంటే నిలిచేవి. రెండోసారి తొట్టె ఖాళీగా ఉంచి, కొద్దిగా అమ్మోనియా నేనే కలిపి, అది పూర్తిగా సున్నాకు దిగేవరకు ముప్పై ఎనిమిది రోజులు ఆగాను. ఉత్త రాళ్లను చూస్తూ కూర్చున్నానని ఇంట్లో నవ్వారు. ఆ తరువాత వేసిన జంట ఇప్పటికీ ఉంది.

దుకాణ యజమాని: చెల్లెమ్మ చెప్పినదే నేనూ చెబుతున్నాను. ఇంకొక మాట కూడా ఉంది. ఆ వీడియోలోని తొట్టె ముప్పై లీటర్లది. చిన్న తొట్టె సులువని అందరూ అనుకుంటారు కానీ చిన్నదే కష్టం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ముప్పై లీటర్లలో 1,050 గ్రాములన్నమాట. ఫ్యాను కింద మూడు రోజుల్లో మూడు లీటర్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, అంతా లోపలే ఉంటుంది. మిగిలిన 27 లీటర్లలో లీటరుకు దాదాపు 39 గ్రాములు అవుతుంది. అవే మూడు లీటర్లు 120 లీటర్ల తొట్టెలో ఆవిరైతే 36 కూడా దాటదు. (ఈ లెక్క మేము కాగితం మీద వేసి చూశాం, సరిగానే ఉంది.) అందుకే రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు కన్నా చిన్న తొట్టెను కొత్తవారికి నేను అమ్మను.

అధ్యాపకురాలు: ఆవిరైన నీటికి బదులు పోయవలసింది ఉప్పునీరు కాదు, మంచినీరేనన్న సంగతి కూడా చెప్పండి. చాలామంది—

దుకాణ యజమాని: అదే చెప్పబోతున్నాను. మంచినీరంటే కుళాయి నీరు కాదు, బోరు నీరు అసలే కాదు. ఆర్వో చేసి, ఆపైన మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపిన నీరు, అంటే నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీరు కావాలి. వంటింట్లో ఆర్వో ఉంది కదా అంటారు. రుచి కోసం వాటిలో చాలావరకు మళ్లీ ఖనిజాలనో, కొంత పచ్చి నీటినో కలుపుతాయి. తాగడానికి అది మంచిదే కానీ తొట్టెలో నాచు పెంచుతుంది. నీటిలో రాగి కొద్దిగా ఉన్నా రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు.

సంధానకర్త: ఇంత ఖర్చెందుకండీ? విశాఖలో ఉన్నాం, ఎదురుగా సముద్రం ఉంది. బీచికి వెళ్లి నాలుగు డబ్బాలు నింపుకుంటే సరిపోదా?

అధ్యాపకురాలు: ఈ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. బంగాళాఖాతం నీటి ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మోసుకొచ్చే మంచినీరు పై పొరలో పరచుకుంటుంది. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ నీటిని తీరం వెంబడి దక్షిణానికి తీసుకుపోయే ప్రవాహం మన ముందు నుంచే వెళుతుంది. ఆ రోజుల్లో ఒడ్డున పట్టిన నీటిని, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో చూస్తే, పగడాలకు కావలసిన 35కు బాగా దిగువన ఉంటుంది. దానికి తోడు ఊరి మురుగు కలిసే చోట్లు, పడవల డీజిలు ఉన్నాయి. అసలు ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేకపోవడానికి నదుల మంచినీరు, ఒండ్రుమట్టి కూడా కారణమే. మన దేశంలో పెద్ద దిబ్బలు మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లలో ఉన్నాయి. పగడానికి తేటనీరు కావాలి, నిలకడ కావాలి. అందుకే అడుగుతున్నాను, ఆ వీడియోలోని రాయి—

దుకాణ యజమాని: నిలకడ అన్నారు, బాగా గుర్తు చేశారు మేడమ్. నిలకడకు కరెంటు ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. నా దుకాణంలో పదకొండు ఉప్పునీటి తొట్టెలు ఉండేవి. పంపులు ఆగిపోతే నీరు కదలదు, ప్రాణవాయువు కలవదు, చేపలతో పాటు బ్యాక్టీరియా కూడా ఉన్నదంతా పీల్చేస్తుంది. జగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూ, నేనూ మా తమ్ముడూ వంతులవారీగా రెండు రాత్రులు కూర్చున్నాం. చేయి ఆగితే చేప ఆగేది. మూడు తొట్టెలే దక్కాయి. ఆనాటి నుంచి బ్యాటరీతో నడిచే గాలి పంపు లేకుండా తొట్టె అమ్మలేదు. ముందు ఇన్వర్టరుకు నీటిని కదిలించే వేవ్ మేకరు తగిలించండి, లైటు సంగతి తరువాత చూసుకోవచ్చు.

(హుద్‌హుద్ నాటి సంగతులు ఇంకా కొంతసేపు సాగాయి. న్యాయవాది తమ వీధిలో కూలిన చెట్లను గుర్తుచేసుకున్నారు.)

సంధానకర్త: విషయానికి వద్దాం. వకీలుగారూ, లైసెన్సు పెట్టడానికి చట్టంలో వీలుందా?

న్యాయవాది: 2017లో కేంద్రం ఆక్వేరియం దుకాణాలకు నియమాలు తెచ్చింది. వ్యాపారులు, పెంపకందారులు అభ్యంతరం చెప్పడంతో తరువాత ఉపసంహరించుకుంది. కాబట్టి ఇంట్లో తొట్టె పెట్టడానికి లైసెన్సు లేదు. అయితే ఏది ఉంచుకోకూడదన్నది స్పష్టంగానే ఉంది. రాతి పగడాలతో పాటు సముద్రపు విసనకర్రలు అనే పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా రక్షిత జాతులే. మొదటి షెడ్యూలు ప్రాణుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందపు (సైటిస్) పట్టికల్లో ఉన్న విదేశీ ప్రాణులను ఉంచుకునేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024 నియమాలు చెబుతున్నాయి.

సంధానకర్త: నమోదు అంటే లైసెన్సే కదా!

న్యాయవాది: కాదండీ. నమోదు వేరు, లైసెన్సు వేరు. క్లౌన్ చేప ఆ పట్టికల్లో లేదు.

సంధానకర్త: ఏదో ఒక కాగితం ఉండాలన్నది మీరూ ఒప్పుకుంటున్నారు, సంతోషం.

న్యాయవాది: నేను అలా చెప్పలేదు.

(ఇక్కడ ముగ్గురు ఒకేసారి మాట్లాడారు.)

దుకాణ యజమాని: కాగితాలతో చేపలు బతకవండీ! వేడి సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. తొట్టె నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. హైదరాబాదు పొడి ఎండలో నీటి మీదికి ఫ్యాను పెడితే ఆవిరి రూపంలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, పైన మంచినీరు ఎక్కువగా పోయవలసి వస్తుంది, అంతే. విశాఖలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి సరిగా లేవదు, ఫ్యాను అంతగా పనిచేయదు. ఇక్కడ నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లరు కావాలి. దాని ధర చాలాసార్లు తొట్టె ధరను మించిపోతుంది. ఆ ఖర్చు వేసవికి ముందే చెప్పకుండా తొట్టె అమ్మేవారిని అడగండి.

అధ్యాపకురాలు: వేడి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తొట్టెలో రెండు డిగ్రీలు పెరిగితే మనం చిల్లరు కొంటాం. 2024 ఏప్రిల్‌లో, సముద్రం వేడెక్కి పగడాలు ప్రపంచవ్యాప్తంగా తెల్లబారడం ఇది నాలుగోసారి అని అమెరికా సముద్ర పరిశోధకులు ప్రకటించారు. అదే ఏడాది లక్షద్వీప్ దిబ్బలు కూడా తెల్లబారాయి. అక్కడ చిల్లరు పెట్టేవారు లేరు. అలాంటి దిబ్బ నుంచి ఒక కొమ్మ విరిచి హాలులో పెట్టుకోవడం—

బ్యాంకు ఉద్యోగిని: మేడమ్, మా తొట్టెలో ఉన్నది పొడి రాయి. రాతి పగడాలు పెట్టలేదు, పగడాల బంధువులైన మెత్తని ప్రాణులు కొన్ని, అంటే జొవాంథిడ్లు, పుట్టగొడుగు పగడాలు మాత్రమే ఉన్నాయి. అవి రాతి పగడాలు కావని చదువుకున్నాకే తెచ్చాను. జొవాంథిడ్లు అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టి శుభ్రం చేయకూడదని కూడా అప్పుడే తెలిసింది. వాటిలో కొన్నింటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఆ ఆవిరి పీల్చినవారు ఆసుపత్రి పాలయ్యారు.

అధ్యాపకురాలు: మీరు చేసినదే సరైన పద్ధతి. చేపల విషయంలోనూ అంతే. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు క్లౌన్ చేపలను హ్యాచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో రూపొందించారు, కాబట్టి సముద్రం నుంచి పట్టి తేవలసిన అవసరం లేదు. నీలి టాంగ్ అనే చేప సంగతి అలా కాదు. దాన్ని మొదటిసారి తొట్టెలో పుట్టించగలిగింది 2016లోనే, అదీ ఫ్లోరిడాలో. అమ్మకానికి వచ్చే వాటిలో ఎక్కువ సముద్రం నుంచి పట్టినవే. పైగా ముప్పై సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. రెండడుగుల తొట్టెలో దానికి తిరిగే చోటు కూడా ఉండదు.

దుకాణ యజమాని: ఇవన్నీ కొత్తవారికి రెండో ఏడాది మాటలు మేడమ్. మొదటి ఏడాది చెప్పవలసినవి మూడే. తొట్టె పెద్దదిగా ఉండాలి, నీరు సున్నా టీడీఎస్ ఉండాలి, ఆరు వారాలు ఆగాలి. వంద మందికి చెప్పాను, వంద మందికీ ఇదే చెప్పాను. క్యాల్షియం, ఆల్కలినిటీ కొలవడం పగడాలు వచ్చాక చూసుకోవచ్చు. తొట్టె పెద్దది, నీరు సున్నా, ఆరు వారాలు. ఇంకేమీ అక్కరలేదు.

సంధానకర్త: చాలా స్పష్టంగా చెప్పారు. సమయం దగ్గరపడింది. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం ఇస్తాను. లైసెన్సు కావాలా, వద్దా? మొదట మీరే చెప్పండి.

దుకాణ యజమాని: వద్దు. నేర్పండి. ప్రతి దుకాణంలోనూ అమ్మోనియా కిట్టు లేకుండా తొట్టె అమ్మకూడదన్న నియమం మేమే పెట్టుకుంటాం. కొన్నవారు ఆరు వారాల తరువాత సీసాలో నీళ్లు తెస్తే ఉచితంగా పరీక్షిస్తాం. ఆ నీరు పసుపుగా ఉంటేనే చేప ఇస్తాం. వారం వారం పది శాతం నీళ్లు మార్చమని చెబుతాం. ఆ కొత్త ఉప్పునీటిని ఒక రోజు ముందే కలిపి, పంపుతో తిప్పి, వేడి సమానమయ్యాకే పోయమని చెబుతాం. మేత చిటికెడే వేయమని చెబుతాం...

(ఈ సమాధానం నాలుగు నిమిషాలకు పైగా సాగింది. న్యాయవాదికి, బ్యాంకు ఉద్యోగినికి ఒక్కో వాక్యం మాత్రమే దక్కింది. ఇద్దరూ వద్దనే అన్నారు.)

సంధానకర్త: మేడమ్, మీకు ముప్పై సెకన్లు ఉన్నాయి. లైసెన్సు కావాలా?

అధ్యాపకురాలు: వీరు చెప్పిన నీటి సంగతులన్నీ నిజమే. నా ప్రశ్న మాత్రం మొదటి నిమిషం నుంచి అలాగే ఉంది. ఆ వీడియోలోని రాయి ఎవరు విరిచారు, ఎవరు మోసుకొచ్చారు, ఎవరు అమ్మారు?

దుకాణ యజమాని: అది నా దుకాణంలోది కాదు మేడమ్.

అధ్యాపకురాలు: మీదని నేను అనలేదు. ఎక్కడిదని అడుగుతున్నాను. అలాంటి రాళ్లు మార్కెట్లో మీకు కనిపిస్తుంటాయా? కనిపిస్తే మీరు—

సంధానకర్త: మన్నించాలి, సమయం ముగిసింది. నమస్కారం.