పిల్లి లిట్టర్ బాక్స్ వదిలేసి పరుపు మీద ఉచ్చ పోస్తోందా? కోప్పడే ముందు ఇవి చూడండి

నమస్తే అండి. ఎదురుగా లిట్టర్ బాక్స్ (అంటే పిల్లి మలమూత్రాల కోసం మట్టి పోసి పెట్టే డబ్బా, ఆ మట్టే లిట్టర్) ఉన్నా మీ పిల్లి పరుపు మీదో, సోఫా మీదో, ఉతికి మడతపెట్టిన బట్టల మీదో ఉచ్చ పోస్తోందంటే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "ఇది కావాలనే చేస్తోంది, మన మీద కోపం తీర్చుకుంటోంది." పిల్లికి అలా పగ తీర్చుకునే ఆలోచనే ఉండదండి. దానికి ఒంట్లో బాగుండకపోవచ్చు, లేదా ఆ బాక్స్ నచ్చకపోవచ్చు, లేదంటే ఇంట్లో ఏదో దాన్ని భయపెడుతూ ఉండొచ్చు. మూతిని ఆ తడిలో రుద్దడం, కొట్టడం, బాత్రూమ్‌లో పెట్టి గడియ వేయడం చేస్తే ఉచ్చ ఆగదు, రేపటి నుంచి మీకు కనిపించకుండా మంచం కింద పోస్తుంది.

[స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో: మగపిల్లి ముక్కుతోంది, చుక్క రావట్లేదు. వెంటనే ఆస్పత్రికి!]

మీది మగపిల్లి అయితే ముందు ఈ ఒక్క విషయం చూడండి. మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్లి కూర్చుంటోందా, ముక్కుతోందా, అరుస్తోందా, కింద అదేపనిగా నాక్కుంటోందా, కానీ చుక్క కూడా రావట్లేదా, లేదా రక్తం కలిసిన ఒకటి రెండు చుక్కలే వస్తున్నాయా? అలా ఉంటే మిగతా వీడియో తర్వాత చూడొచ్చు, దాన్ని వెంటనే తీసుకెళ్లండి. మగపిల్లికి మూత్రం బయటికొచ్చే నాళం చాలా సన్నగా ఉంటుంది, అందులో స్ఫటికాలు, జిగురు కలిసి అడ్డం పడితే మూత్రం లోపలే ఆగిపోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే దాకా వెళుతుంది, ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే జరిగిపోవచ్చు. ముక్కుతోంది కదా అని మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తూ రేపు చూద్దాంలే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. నొప్పిగా ఉందేమోనని పారాసిటమాల్ అసలే వేయొద్దు, ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. రాత్రి కూడా తెరిచి ఉండే క్లినిక్ మీ ఊళ్లో ఎక్కడుందో ఈరోజే కనుక్కుని నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి, ఎందుకంటే ఈ సమస్య ఆదివారం, పండగ అని చూసి రాదు.

ఇక మూత్రం వస్తోంది కానీ బయట పోస్తోంది అంటే అంత టెన్షన్ అక్కర్లేదు, అయినా డాక్టర్‌కి ఒకసారి చూపించి యూరిన్ టెస్ట్ చేయించాల్సిందే. ఖర్చు భయం ఉంటే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి, అక్కడ పిల్లుల్ని కూడా చూస్తారు. పదేళ్లు దాటిన పిల్లి అయితే కిడ్నీ, షుగర్, థైరాయిడ్ కూడా చూడమని అడగండి, ఎందుకంటే ఈ జబ్బుల్లో నీళ్లు ఎక్కువ తాగి మూత్రం ఎక్కువ పోస్తుంది, బాక్స్ తొందరగా నిండిపోతుంది, కీళ్లనొప్పులు కూడా ఉంటే ఎత్తు గోడల బాక్స్ ఎక్కలేక పక్కనే పోసేస్తుంది.

వయసులో ఉన్న పిల్లుల సంగతి వేరు, ఇది జాగ్రత్తగా వినండి. వాటికి మూత్రంలో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తక్కువే. ఎక్కువగా కనిపించేది ఇడియోపతిక్ సిస్టైటిస్, అంటే మూత్రాశయం గోడ వాచి మంట పుడుతుంది కానీ టెస్టుల్లో ఇదీ కారణమని ఏదీ దొరకదు. దీనికీ ఒత్తిడికీ గట్టి సంబంధం ఉంది. ఇల్లు మారడం, పెయింట్ వేయించడం, పెళ్లికొచ్చిన చుట్టాలు, దీపావళి టపాసులు, కొత్తగా తెచ్చిన ఇంకో పిల్లి, ఇవన్నీ దానికి చాలా పెద్ద విషయాలు. ఈ మంట చాలాసార్లు వారం లోపు దానంతట అదే తగ్గిపోతుంది, మనమేమో ఆ వారంలో వేసిన యాంటీబయాటిక్ వల్ల తగ్గిందనుకుంటాం, రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చేసరికి అదే మందు మెడికల్ షాపులో కొనుక్కొచ్చి వేస్తాం. అసలు చేయాల్సింది నొప్పి తగ్గడానికి డాక్టర్ ఇచ్చిన మందు వాడడం, ఒంట్లోకి నీళ్లు ఎక్కువ వెళ్లేలా చూడడం, ఒత్తిడి తగ్గించడం. రోజంతా డ్రై ఫుడ్ మీదే బతికే పిల్లికి వెట్ ఫుడ్, అంటే తడిగా ఉండే ఆహారం, మొదలుపెట్టండి, చికెన్ ఉడికించిన నీళ్లు కలిపి పెట్టండి, కానీ అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం.

[రెండు క్లిప్పులు పక్కపక్కన: ఒకటి నిలబడి తోక ఎత్తిన పిల్లి, ఇంకోటి కూర్చున్న పిల్లి]

ఇప్పుడు ఎలా పోస్తోందో గమనించండి. వెనక్కి తిరిగి నిలబడి, తోక నిటారుగా ఎత్తి, తోక చివర వణికిస్తూ గోడ మీదో కర్టెన్ మీదో కొంచెం కొంచెం చిమ్ముతోందంటే అది "ఇది నా చోటు" అని గుర్తు వేసుకోవడం. దానికి బాక్స్ మార్చినా పెద్దగా లాభం ఉండదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ (న్యూటరింగ్) చేయించని గండుపిల్లులే ఇది ఎక్కువగా చేస్తాయి, అది చేయిస్తే చాలా పిల్లులు మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. ఆపరేషన్ అయ్యాక కూడా చిమ్ముతుంటే కిటికీల వైపు చూడండి. మన అపార్ట్‌మెంట్లలో గ్రౌండ్ ఫ్లోర్ బాల్కనీ దగ్గరికి వీధి పిల్లులు వచ్చి కూర్చోవడం మామూలే, లోపలున్న మీ పిల్లికి అది రోజూ కనిపించే శత్రువు, ఆ కిటికీ అద్దానికి కింద సగం వరకు కాగితం అంటించి చూడండి.

కూర్చుని, చదునైన చోట, పూర్తిగా పోస్తోందంటే మాత్రం బాక్స్‌నే అనుమానించాలి. షాపుల్లో అమ్మే బాక్సులు చాలావరకు చిన్నవి. పిల్లిని ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిస్తే, బాక్స్ దానికి ఒకటిన్నర రెట్ల పొడవు ఉండాలి, పిల్లి గుండ్రంగా తిరిగి, తవ్వి, పూడ్చుకోవాలి కదా. బట్టలు సర్దుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని ఒక వైపు గోడ కిందికి కోసేస్తే చక్కగా సరిపోతుంది, అంచులు గీసుకోకుండా టేప్ వేయండి. మూత ఉన్న బాక్స్ మన ముక్కుకి హాయి, కానీ లోపల వాసనంతా దాని ముఖానికే కొడుతుంది, అది బస్టాండ్ టాయిలెట్‌లోకి వెళ్లినట్టే ఉంటుంది. మూత తీసేసి చూడండి. లావెండర్, నిమ్మ వాసన లిట్టర్ కూడా మన కోసం చేసిందే. చాలా పిల్లులకు సన్నగా మెత్తగా ఉండి, తడి తగిలితే గడ్డ కట్టే బెంటొనైట్ మట్టి, వాసన లేనిది నచ్చుతుంది, నాలుగైదు సెంటీమీటర్ల లోతు పోస్తే చాలు. డబ్బులు కష్టమైతే జల్లించిన సన్న ఇసుక కూడా పనిచేస్తుంది, కాకపోతే గడ్డ కట్టదు కాబట్టి మొత్తం తరచుగా మార్చాలి.

ఎక్కడ పెట్టాం అన్నది ఇంకా ముఖ్యం. మన ఇళ్లలో బాక్స్ ఎక్కువగా బాత్రూమ్‌లోనో, వాషింగ్ మెషిన్ పక్కనో పెడతాం. ఎవరో స్నానానికి వెళ్లి తలుపేస్తారు, పిల్లి బయట ఆగలేక నిలబడుతుంది, ఆ తర్వాత లోపలికెళితే నేలంతా తడి. మెషిన్ ఒక్కసారి గడగడమంటే ఆ మూలకి మళ్లీ వెళ్లదు. ఎప్పుడూ తెరిచి ఉండే, జనం తక్కువ తిరిగే, అన్నం గిన్నెకి దూరంగా ఉన్న చోటు చూడండి. పిల్లులు రెండుంటే బాక్సులు మూడు, అవి కూడా వేరే వేరే గదుల్లో. మూడూ వరసగా పెడితే పెత్తనం చేసే పిల్లి దారిలో కూర్చుని రెండోదాన్ని రానివ్వదు, కొట్లాట ఉండదు, చప్పుడు ఉండదు, మనకి తెలియనే తెలియదు. గడ్డలు రోజుకి రెండు సార్లు తీయండి. తీసేటప్పుడు గడ్డ సైజు చూడండి, ఉన్నట్టుండి చిన్న చిన్నవి ఎక్కువ కనిపిస్తే మళ్లీ మంట మొదలైందని అర్థం.

[ఫినాయిల్ సీసా మీద ఎర్ర గుర్తు]

శుభ్రం చేయడంలో మన అందరి చేయీ ఫినాయిల్ మీదకే వెళుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిల్ వద్దండి, నల్లదైనా తెల్లదైనా. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, అది తడి నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటుంది. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంలో ఉండే అమ్మోనియాతో కలిస్తే మనకే ఊపిరాడని వాయువు వస్తుంది. సబ్బునీళ్లతో కడిగితే మనకి వాసన పోతుంది కానీ యూరిక్ ఆమ్లం నీళ్లలో సరిగ్గా కరగదు, వానాకాలం గాల్లో తేమ పెరగ్గానే అదే చోటు మళ్లీ కంపు కొడుతుంది, పిల్లి ముక్కుకైతే అసలు పోనే లేదు. అందుకే పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ తెచ్చి, ముందు గుడ్డతో అద్ది, ఉచ్చ ఎంత లోపలికి ఇంకిందో అంత లోపలికి ఇది కూడా ఇంకేలా పోసి, సీసా మీద రాసినంత సేపు వదిలేసి ఆరనివ్వండి. తుడిచేస్తే పనిచేయదు. పరుపుకి వాటర్‌ప్రూఫ్ కవర్ ఒకటి వేయండి.

ఇన్ని చేసినా అలవాటు కొన్ని వారాలు పట్టుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు ఒక చిన్న గదిలో దాని పడక, నీళ్లు, అన్నం, బాక్స్ అన్నీ పెట్టి, మీరు కూడా వెళ్లి దగ్గర కూర్చుంటూ కొన్నాళ్లు అక్కడే ఉంచి, బాక్స్ వాడకం కుదిరాక ఒక్కో గది తెరవండి. మెత్తటి బట్ట మీదే పోసే పిల్లి అయితే లిట్టర్ మీద పాత తువ్వాలు ముక్క పరిచి, దాన్ని రెండు మూడు రోజులకోసారి కొంచెం చిన్నది చేస్తూ తీసేయండి. నున్నటి టైల్స్ మీదే పోస్తుంటే ఒక బాక్స్‌లో లిట్టర్ లేకుండా ఖాళీగా పెట్టి, వాడడం మొదలుపెట్టాక ఒక మూలన గుప్పెడు చల్లి, మెల్లగా పెంచుకుంటూ పోండి.